చేతి దగ్గరికి వచ్చే హ్యామ్‌స్టర్ కోసం మూడు తరాలు – నా అనుభవం

2023 సెప్టెంబరులో రెండు సిరియన్ హ్యామ్‌స్టర్‌లతో (ఇళ్లలో పెంచుకునే, ఎలుకను పోలిన చిన్న జంతువులు) మొదలుపెట్టిన పని 2025 నవంబరుకి మూడో తరం దాకా వచ్చింది. నేను రంగు చూసి జత కట్టించలేదు, పొడవు బొచ్చు చూసి కట్టించలేదు. స్వభావం ఒక్కటే చూశాను. మనిషి చేయి పెడితే తనంతట తానుగా దగ్గరికి వచ్చే పిల్లలు పుట్టాలన్నది నా కోరిక. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, అత్తయ్య, మా ఆయన, స్కూలుకెళ్లే పాప ఉన్న ఇంట్లో ఇది ఎలా సాగిందో, ఎంత ఖర్చయిందో రాస్తున్నాను. ఇలాంటి పని మొదలుపెడదామనుకుని నన్ను అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మొదటి పిల్లలు చేతికొచ్చే దాకా ఏమేం ఎదురవుతాయో నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు.

మా పాప మొదటి హ్యామ్‌స్టర్ కొట్లో కొన్నది. దాదాపు రెండేళ్లు బతికింది. ఎంత ఓపిగ్గా అలవాటు చేసినా చేయి కనిపిస్తే చాలు మూలకు పరుగెత్తి పళ్లు చూపించేది. పాప ఒక్కసారి కూడా దాన్ని గుండెకు హత్తుకోలేదు. అది పోయాక నాకు మిగిలిన బాధ కాటు గురించి కాదు. ఆ జీవి తన బతుకంతా మమ్మల్ని చూసి భయపడుతూనే గడిపింది. అలాంటి భయం లేకుండా పుట్టేవి ఉంటాయా అని వెతకడం అప్పుడే మొదలైంది.

వెతికితే ముందు దొరికింది రష్యాలోని నోవోసిబిర్స్క్ ఎలుకల సంగతి. నక్కలను మచ్చిక చేసిన శాస్త్రవేత్త దిమిత్రీ బెల్యాయెవ్ పేరు చాలామందికి తెలుసు. ఆయన సంస్థలోనే 1972లో అడవి ఎలుకలను పట్టి రెండు వంశాలుగా విడదీశారు. చేతికి గ్లవ్ తొడుక్కుని బోనులో పెట్టి, తక్కువ ఎదురుతిరిగేవాటిని ఒక వైపు, ఎక్కువ ఎదురుతిరిగేవాటిని ఇంకో వైపు జత కట్టించుకుంటూ పోయారు. తరాలు గడిచేకొద్దీ ఒక వంశం చేతిలో హాయిగా ఉండేది, ఇంకో వంశం గ్లవ్ మీదికి దూకి కొరికేది. ఆ ఎలుకలు తర్వాత జర్మనీలోని లైప్‌జిగ్‌కి కూడా వెళ్లాయి. అక్కడ ఒక వంశం పిల్లలను ఇంకో వంశం తల్లి దగ్గర పెంచి చూశారు. పెంచిన తల్లి మారినా పిల్లల తీరు పెద్దగా మారలేదు. ఇది చదివాక నాకు ధైర్యం వచ్చింది. స్వభావంలో కొంత భాగం రక్తంలోనే వస్తోందన్నమాట.

మొదటి జత కోసం సెప్టెంబరంతా తిరిగాను. సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లేదాన్ని, ఎందుకంటే పగలు నిద్రమత్తులో ఉన్న హ్యామ్‌స్టర్‌ని చూసి దాని స్వభావం చెప్పలేం. కొట్టువాళ్లు నా చేయి గాజు పెట్టెలో అంతసేపు పెట్టనివ్వడానికి విసుక్కునేవాళ్లు, కొందరు మాత్రం కుర్చీ వేశారు. ఆడదాన్ని ఉద్యోగం మారి ఊరు వెళ్లిపోతున్న ఒక కుటుంబం ఉచితంగా ఇచ్చింది. దానికి మెంతి అని పేరు పెట్టాం. మగదాన్ని 800 రూపాయలకు కొన్నాను, పేరు అల్లం.

అల్లం కంటే ముందు నాకు నచ్చింది వేరే మగది. తెల్లటి ఒంటి మీద రంగు వెంట్రుకలు చిలకరించినట్టుండే రోన్ రకం. చేతి మీదికి వెంటనే ఎక్కింది. అయినా వదిలేశాను. రోన్ రంగు ఇచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే పిల్లలు కళ్లు లేకుండా పుడతాయి. మెంతి పొట్ట తెల్లగా ఉంది, అదే జన్యువు తనలోనూ ఉండొచ్చు. తల్లిదండ్రులు ఎవరో తెలియని జంతువుతో ఆ సాహసం చేయడం నాకు ఇష్టం లేకపోయింది. దీని గురించి కొట్లో ఎవరూ చెప్పరు. జత కట్టించే ఆలోచన ఉన్నవాళ్లు రంగుల జన్యువుల గురించి ముందే చదువుకోవాలి.

బంధుత్వం లేని జత కావాలని నేను పట్టుబడితే మా ఆయన ఒక మాట అన్నాడు, "అసలు ఇవన్నీ చుట్టాలేగా" అని. నిజమే. 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర పొలంలో తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లలనూ పట్టుకుని, పిల్లలను జెరూసలేం తీసుకెళ్లాడు. బతికిన కొద్ది పిల్లల్లో అన్నాచెల్లెళ్లను జత కట్టించారు. మన ఇళ్లలో ఉన్న సిరియన్ హ్యామ్‌స్టర్‌లు దాదాపు అన్నీ ఆ ఒక్క ఈత సంతానమే. ఇంత ఇరుకైన మూలం నుంచి వచ్చినా ఒకటి కొరికేదిగా, ఇంకోటి ఒళ్లోకి ఎక్కేదిగా ఉండడం నన్ను ఈ రెండేళ్లూ ఆశ్చర్యపరుస్తూనే ఉంది.

మెంతికి ఐదు నెలలు దాటాక, డిసెంబరులో జత కట్టించడం మొదలుపెట్టాను. ఆడ హ్యామ్‌స్టర్ నాలుగు రోజులకోసారి ఎదకు వస్తుంది, అదీ సాయంత్రం నుంచి కొన్ని గంటలే. మిగతా సమయంలో మగదాన్ని చూస్తే చంపేంత పని చేస్తుంది. ఇద్దరికీ సొంతం కాని చోట, నేల మీద పెద్ద అట్టపెట్టెలో వదిలి, మధ్యలో అడ్డం పెట్టడానికి ఒక అట్టముక్క చేత్తో పట్టుకుని కూర్చునేదాన్ని. చాలా సాయంత్రాలు అర నిమిషంలోనే విడదీయాల్సి వచ్చింది. నెలాఖరున ఒకరోజు మెంతి కదలకుండా తోక పైకెత్తి నిలబడిపోయింది. ఆ క్షణంలో వచ్చిన ఊపిరి ఇప్పటికీ గుర్తుంది.

అక్కడి నుంచి పదహారు రోజులు. సంక్రాంతి వెళ్లగానే ఎనిమిది పిల్లలు పుట్టాయి. ఇక్కడ అందరికన్నా కష్టపడింది మా పాప. రెండు వారాల దాకా గూడు ముట్టుకోకూడదు, తొంగి కూడా చూడకూడదు. తల్లికి అనుమానం వస్తే పిల్లలను తినేస్తుంది. తిండి పైనుంచి జారవిడిచేవాళ్లం. కొర్రలు, సజ్జలు, జొన్నలు, గుమ్మడి గింజలు, రోజూ చిన్న ముక్క ఉడికిన గుడ్డు. మన చిరుధాన్యాలు దీనికి చక్కగా సరిపోతాయి, విదేశీ ప్యాకెట్ల మీద డబ్బు పోయనక్కర్లేదు. అత్తయ్య మొదట్లో "ఎలుకలకు కొర్రలేంటమ్మా" అనేవారు. నెల తిరిగేసరికి గుడ్డు ఉడికించి పెట్టేది ఆవిడే.

ఇక అసలు పరీక్ష. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా పనంతా దీని మీదే నిలబడింది.

పిల్లలకు కళ్లు తెరిచింది మొదలు చేతిలోకి తీసుకుని అలవాటు చేయమని అందరూ చెప్తారు. పెంచుకోవడానికైతే అది మంచిదే. కానీ ముందే మచ్చిక చేసేస్తే ఏది పుట్టుకతో దగ్గరికి వచ్చేదో, ఏది నా ఓపిక వల్ల అలవాటు పడిందో ఇక తేడా తెలియదు. అందుకే మూడు వారాల వయసులో, అప్పటివరకు ఒక్కదాన్నీ చేత్తో తాకకముందే, మొదటి పరీక్ష పెట్టాను. రాత్రి తొమ్మిది తర్వాత, అవి పూర్తిగా మేలుకున్నాక. చేతులు వాసన లేని సబ్బుతో కడుక్కుని, ఎందుకంటే కూర వాసన ఉంటే వేలు తిండి అనుకుని కొరుకుతాయి. చేతిలో గింజ పెట్టకుండా. ఒక్కోదాన్ని విడిగా పెట్టెలో వదిలి, అరచేయి నేలకు ఆనించి కదలకుండా ఒక నిమిషం. తర్వాత చేయి నెమ్మదిగా దానివైపు జరుపుతూ ఇంకో నిమిషం. మా ఆయన ఫోన్లో వీడియో తీశాడు. ఆ రాత్రి నుంచే ఎనిమిదింటినీ ఒకేలా, ఒకే సమయం చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టాం.

ఈ రెండు నిమిషాల పద్ధతి జపాన్ శాస్త్రవేత్తల పని చదివి తెచ్చుకున్నది. మిషిమాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్‌లో త్సుయోషి కోయిదే బృందం అడవి మూలం ఉన్న చుంచెలుకల్లో మచ్చికను రెండుగా విడదీసి కొలిచింది. చేయి దగ్గరికి వస్తే పారిపోకపోవడం ఒకటి, తానే చేయి దగ్గరికి రావడం ఇంకొకటి. ఎనిమిది వంశాలను కలిపిన మంద నుంచి తామే దగ్గరికి వచ్చేవాటిని ఎంచి తరాల పాటు జత కట్టిస్తే ఆ గుణం పెరిగింది. దానికి సంబంధం ఉన్న చోట్లు పదకొండో క్రోమోజోమ్ మీద ఉన్నాయని 2017లో ప్రకటించారు.

ఈ తేడా నా కళ్ల ముందే కనిపించింది. ఆ ఈతలో వెన్న అని పాప పేరు పెట్టిన మీగడ రంగు పిల్ల ఉంది. చేతిలో పెడితే కదలదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ "ఎంత బుద్ధిమంతురాలో" అన్నారు. వీడియో ఆపి ఆపి చూస్తే చెవులు వెనక్కి మడిచి, ఒళ్లు నేలకు అదిమి, డొక్కలు ఎగరేస్తూ ఉంది. అది భయంతో బిగుసుకుపోవడం. అదే పరీక్షలో చిట్టి అని ఒక మామూలు గోధుమరంగు పిల్ల ఒక్క క్షణం ఆగి, ముక్కు ఆడిస్తూ వచ్చి వేళ్ల మీదుగా మణికట్టు ఎక్కింది. పట్టుకోబోతే జారిపోతుంది, మళ్లీ తిరిగి వస్తుంది. చూసేవాళ్లకు చిట్టి అల్లరిది, వెన్న సాధువు. జత కట్టించాల్సింది మాత్రం చిట్టిని. పాప ఆ రాత్రి అన్నం తినలేదు. వెన్నను మేం వదల్లేదు, అది మా ఇంట్లోనే పెరిగింది, కానీ దాని నుంచి పిల్లలు తీసుకోలేదు.

ఒక్క పరీక్షతో నిర్ణయించలేదు. ఐదు వారాలకు, ఎనిమిది వారాలకు, నాలుగు నెలలకు మళ్లీ చూశాను. ఐదు వారాల వయసులో అన్నీ పాప్‌కార్న్‌లా ఎగురుతాయి, ఆ దశ లెక్కలోకి రాదు. నాలుగు నెలలకు కొన్ని ఆడవి తమ పెట్టె తమదేనని కాపలా కాయడం మొదలుపెడతాయి. చిన్నప్పుడు బాగున్న ఒకటి ఈ వయసులో చేతిని గెంటేయడం మొదలుపెట్టింది. అంటే నిజమైన స్వభావం తెలిసే వయసు నాలుగు నెలలు, పిల్లలను దత్తత ఇచ్చే వయసు ఆరు వారాలు. ఈ మధ్యకాలమే ఈ పని మొత్తంలో ఖరీదైన భాగం.

ఎందుకంటే సిరియన్ హ్యామ్‌స్టర్ ఒంటరి జీవి. నాలుగు వారాలకు ఆడా మగా విడదీయాలి, ఎనిమిది వారాలు రాకముందే ప్రతిదాన్నీ విడిగా పెట్టాలి. లేకపోతే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఎనిమిది పిల్లలంటే ఎనిమిది ఇళ్లు. కొట్లో దొరికే రంగురంగుల పంజరాలు చాలా చిన్నవి, వాటిలోని చక్రం ఎక్కితే నడుము వంగిపోతుంది. పెద్ద ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బాలు కొని, మూత కోసి జాలీ బిగించాం. డబ్బా, జాలీ, ఎనిమిది అంగుళాల చక్రం, నీళ్ల సీసా కలిపి ఒక్కోదానికి రెండున్నర వేల దాకా అయింది. చెక్క పొట్టు నెలకు వెయ్యి పైనే. నాలుగు పిల్లలను మంచి ఇళ్లకు ఇచ్చి, నాలుగింటిని ఉంచుకున్నాను. తీసుకున్నవాళ్లను నేను అడిగింది ఒకటే, నాలుగు నెలలప్పుడు చేయి పెట్టి వీడియో తీసి పంపమని. ముగ్గురు పంపారు. దత్తతకు డబ్బు తీసుకోలేదు. అమ్మడం మొదలుపెడితే 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు వగైరా చూసుకోవాలి, నా ఉద్దేశం అది కాదు.

2024 వేసవి అంతా ఆగిపోయింది. మే మొదటి వారంలో ఎండ 40 దాటిపోయింది, హ్యామ్‌స్టర్‌లకు 30 దాటితేనే ప్రమాదం. ఒక గదిలో పగలూ రాత్రీ ఏసీ. కరెంటు పోతే గుడ్డలో చుట్టిన ఐసు సీసాలు డబ్బాల పక్కన పెట్టేవాళ్లం. రెండు నెలల బిల్లు చూసి మా ఆయన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్. ఇంకో సంగతి, మాకు దగ్గర్లోని క్లినిక్కుల్లో కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు. హ్యామ్‌స్టర్‌ని చూసే వైద్యురాలు దొరకడానికి వారాలు పట్టింది. మొదలుపెట్టే ముందే వైద్యులెవరో తెలుసుకుని ఉంచుకోండి.

చిట్టికి జతగా బెంగళూరులో ఒక కాలేజీ కుర్రాడు తన దగ్గరి మగదాన్ని ఇచ్చాడు. అతను కూడా నాలాగే స్వభావం చూసి పెంచుతున్నాడు. మా తమ్ముడు కారులో వస్తూ తెచ్చాడు. దానికి రాగి అని పేరు. ఆగస్టులో జత కలిసింది, సెప్టెంబరు మొదట్లో ఆరు పిల్లలు పుట్టాయి. సెప్టెంబరు 7 వినాయక చవితి. మా కిటికీకి ఎదురుగానే మండపం. నిమజ్జనం దాకా రోజూ రాత్రి డీజే. గది గోడలు అదిరేవి. దుప్పట్లు కట్టాం, డబ్బాను లోపలి స్నానాల గదికి మార్చాం, కిందికెళ్లి బతిమాలాం. మూడో రాత్రి చిట్టి పిల్లలను తినేసింది. ఒక్కటీ మిగల్లేదు.

దీని గురించి రాయడం ఇప్పటికీ కష్టంగా ఉంది. అత్తయ్య "మూషికాన్ని ఎక్కించుకునే దేవుడి పండగలో ఇలా జరిగిందేంటమ్మా" అని కళ్లు తుడుచుకున్నారు. చిట్టి మీద నాకు కోపం రాలేదు. భయపడిన తల్లి చేసే పని అది, దాన్ని స్వభావం కింద లెక్కగట్టకూడదు. అందుకే దాన్ని పక్కన పెట్టలేదు. దానికి విశ్రాంతి ఇచ్చి, నవంబరులో మళ్లీ రాగితోనే జత కట్టించాను.

డిసెంబరు మొదట్లో ఏడు పిల్లలు. చిట్టి ఈసారి అన్నింటినీ పెంచింది. మూడు వారాల పరీక్షలో తమంతట తాము చేతిని తాకినవి నాలుగు. మొదటి ఈతలో అలా వచ్చినవి రెండే. ఇంత చిన్న లెక్క మీద గట్టిగా ఏమీ చెప్పలేనని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి వీడియోలు మళ్లీ మళ్లీ చూసుకున్నాను. వీటిలో గోగు అనే ఆడది నాలుగు నెలల పరీక్షలో కూడా పెట్టె మూల నుంచి నడుచుకుంటూ వచ్చి అరచేతిలో కూర్చుని ముఖం కడుక్కుంది. భయం ఉన్న హ్యామ్‌స్టర్ అలా కూర్చుని ముఖం కడుక్కోదు.

2025లో తేదీలు పండగ చూసుకునే పెట్టుకున్నాను. చవితి ఆగస్టు 27న. జూన్ మధ్యలో తొలకరి పడగానే గోగును జత కట్టిస్తే, మండపం లేచే సమయానికి పిల్లలు తల్లిని వదిలేసి విడి డబ్బాల్లో ఉంటాయి. మగది మొదటి ఈతలో చిట్టితో పాటు పుట్టిన మగదాని కొడుకు, అంటే గోగుకు బావ వరస. అంతకంటే దగ్గరి జత కట్టకూడదని ముందే అనుకున్నాను. జులై మొదటి వారంలో ఎనిమిది పుట్టాయి. మూడు వారాలకు, ఎవరూ తాకకముందే, ఆరు చేతి దగ్గరికి వచ్చాయి. ఒకటి దూరంగా కూర్చుని చూసింది. ఒకటి గట్టిగా కొరికింది, నాలుగు నెలలకూ అదే తీరు. మూడు తరాలు ఎంచినా అలాంటిది పుడుతుంది. దాన్ని అనుభవం ఉన్న ఒకావిడ తీసుకుంది, చేతిలోకి తీసుకోకుండా పెద్ద డబ్బాలో హాయిగా ఉంచుతోంది.

తల్లి నిదానాన్ని చూసి పిల్లలు నేర్చుకున్నాయా, రక్తంలో వచ్చిందా అని అడిగేవాళ్లకు నా ఇంట్లో రుజువు లేదు. ఒకే సమయంలో రెండు ఈతలు ఉంటేనే పిల్లలను మార్చి చూడగలం, తల్లులు తినేసే ప్రమాదం ఉన్న ఈ జీవులతో నేను అది చేయను. లైప్‌జిగ్ ఎలుకల సంగతి మాత్రమే నాకు ఆధారం.

నవంబరు మొదటి వారంలో మూడో తరానికి నాలుగు నెలల పరీక్షలు పూర్తయ్యాయి. జులైలో చేతి దగ్గరికి వచ్చిన ఆరింటిలో ఐదు ఇప్పటికీ వస్తున్నాయి. ఈ రెండేళ్లలో డబ్బాలు, తిండి, పొట్టు, వైద్యం, వేసవి కరెంటు కలిపి లక్ష దాటింది. ఇంట్లో ఇప్పుడు తొమ్మిది డబ్బాలు ఉన్నాయి, ఇంతకు మించి పెట్టే చోటు లేదు. అందుకే నాలుగో తరం బెంగళూరులో పుడుతుంది. ఆ కుర్రాడు సంక్రాంతి సెలవులకు వచ్చి రెండు ఆడపిల్లలను తీసుకెళ్తానన్నాడు. మూడు వారాల పరీక్ష అయ్యేదాకా పిల్లలను తాకకూడదన్న ఒక్క షరతూ అతనికి చెప్పాను, ఒప్పుకున్నాడు.